మడత లోపలి రంగు

మట్టెవాడ సందుల మా దుకాణం.
కరెంటు పోయిన పగటియాళ్ళ
సుప్రజ వచ్చింది, పేపర్ల చుట్టిన రైక పట్టుకొని.
"మా అమ్మమ్మది. పరకాల ఇల్లు సదురుతుంటె సందుగుల దొరికింది.
నిజాం కాలంది అంటున్రు మావోళ్లు.
ఫోటోకు ఏస్కుంట. ఏ కాలందో చెప్పక్కా."

రైక మొఖం చూడొద్దు, తిప్పి చూడాలె.
జహీర్ ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం అదే.
"అస్తరుకు అబద్ధం రాదు, బేటీ."

తిప్పిన.
వంకాయ రంగు పట్టు. అంచులకు ఓవర్‌లాక్ లేదు,
మడిచి, లోపల్లోపలనే తురపాయి.
చంక కింద డైమండు ముక్క,
చౌబగల అనేటోడు ఉస్తాదు.
చెయ్యి పైకి లేపి పనిచేసే ఆడోళ్ల కోసం ఏసే ముక్క.
ఇప్పుడెవలు కుడుతున్రు, నేను గూడ కుట్ట.
రొమ్ము కాడ టక్కుల్లేవు.
వీపుకు గుండీలు. ఒకటి పంటికి తాకిచ్చిన:
సల్లగ, గరగర. ముత్యపు చిప్పవి.

దారం పోగొకటి పీకి అగ్గిపుల్ల పెట్టిన.
కాగితం కాలిన వాసన, నలిపితె బూడిద. నూలు.
పాలిస్టరయితె ముడుసుకొని నల్లపూస అయితుండె.
అస్తరు గాడగుడ్డ మీద నీలి ముద్ర,
సగం అక్షరాలు కుట్టుల పొయినయి,
మిగిలిన సగం చాలు: ఆజంజాహి మిల్లు.
మా తాత అండ్ల రాత్రి షిఫ్టు చేసిండు.
ఆ నీలి ఆయన గోర్లల్లకెళ్లి సచ్చేదాక పోలే.

"నిజాం కాలం కాదు పిల్లా, ఎన్కటిదే గని అంత ఎన్కటిది కాదు.
యాబై రెండు, యాబై మూడు..."
అనుకుంటనే ఏలు ఆగింది.

వీపు కాజాల సుట్టు పాత సూది తొర్రలు.
ఒకప్పుడు వీటిని కుట్టి మూసిండ్రు.
ముందల నడుమల కోసిండ్రు, అంచు మడిచిండ్రు.
హుక్కులున్న జాగల నాలుగు తుప్పు సుక్కలు.
పక్కలు రెండేల్ల మందం ఇప్పిండ్రు.
ముందుకు తెరుసుకునే రైక ఎందుకో
పాలిచ్చినోళ్లకు చెప్పనక్కర్లేదు.

మడిచిన ముందంచు లోపల చూసిన.
నిండు వంకాయ రంగు, నిన్న నేసినట్టు.
గుడ్డ కొత్తగున్నప్పుడే కోసిండ్రన్నట్టు.

మళ్ల ఆ కోతను మూసిండ్రు.
ఇది దర్జీ చెయ్యి కాదు, మిషినూ కాదు.
కండ్లు గుంజే అంత సన్న కుట్లు,
కొన్నికాడ సూది రెండుసార్లు ఒకే తొర్రల దిగింది,
చీకట్ల కుట్టినట్టు.
పక్కలు మళ్ల లోపలికి పొయినయి.
ఆ రెండేల్ల పట్టీ బయట ఎన్ని దినాలున్నది?
ఎండ ఎక్కువ తాకలే. చెమట మరక లేదు.
ఒక చలికాలం. మా అంటె మామిడిపూత దాక.

"మీ అమ్మమ్మకు పెద్దకొడుకెవరు?"
"పెద్దమామ. అరవై ఒకటిల పుట్టిండు.
అంతకుముందు చాన ఏండ్లు పిల్లలే కాలేదట.
మొక్కని దేవుడు లేడంటది అమ్మ."

ఫ్యాను తిరగడం మొదలువెట్టింది. కరెంటొచ్చింది.
బల్బు ఎలుగుల ఆ కుట్టు ఇంకా సన్నగ అయింది.

చీటీ మీద రాసిచ్చిన: యాబై రెండు, యాబై మూడు.
"అంతేనా అక్కా?"
"అంతే."

"మరి ముందల ఈ కుట్టు వంకరున్నది,
ఫోటోల కనవడ్తది. ఇప్పి సాపుగ కుట్టియ్యరాదు?"

"దాన్ని ముట్టద్దు," అన్న.
నా గొంతు నాకే కొత్తగున్నది. పిల్ల బెదిరింది.
"పట్టు పాతది, చినుగుతది," అన్న తర్వాత.

చిప్పగుండీ ఒకటి ఊడేటట్టున్నది.
డబ్బాల ఎతికి ఎతికి నూలుదారమే తీసి
అదొక్కటి బిగిచ్చిన.
ఇరువై రూపాయలు తీసుకున్న.
రైకను తిప్పిన తీరుగనే, లోపలివైపు పైకివెట్టి
పేపర్ల చుట్టిచ్చిన.